ఇష్టానికి అంకెల తొడుగు

గ్లైడర్‌తో ఎవరికీ పనిలేదు. దమ్ము చేయాలి కాబట్టి ట్రాక్టర్ కావాలి. రేవు దాటాలి కాబట్టి పంటు కావాలి. సైకిలుకైనా ఓ పని ఉంది. ఇంజన్ లేకుండా, సరుకు మోయకుండా, మనిషిని ఏ ఊరికీ చేర్చకుండా, గాలి దయతలిస్తే గంటో రెండు గంటలో పైన తిరిగి ఎక్కిన చోటే దిగే వస్తువు మీద మనుషులు లక్షలు పోస్తున్నారంటే అది ఇష్టం తప్ప ఇంకోటి కాదు. (వందల కిలోమీటర్లు పోయేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా చీకటి పడేలోగా బయల్దేరిన చోటికే రావాలని నానా తంటాలు పడతారు.) నేను చెప్పబోయేదంతా ఈ సంగతి మీదే నిలబడి ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

గ్లైడర్ల వాళ్ళని కదిపితే మాత్రం ఇష్టం అన్న మాట ఒక్కరి నోటా రాదు. సింక్ రేట్ (ఎంత వేగంగా కిందికి జారుతుందో) అంటారు, పోలార్ (ఏ వేగంలో ఎంత జారుతుందో చూపే గీత) అంటారు, రెక్క మోసే బరువు అంటారు. అన్నిటికంటే ముందు గ్లైడ్ రేషియో అంటారు. ఇది ఎందుకు కొన్నారండీ అంటే, "నలభై" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంకేం అడుగుతాం?

ఆ అంకె ఏమిటో మన ఊళ్ళ లెక్కలో చెప్తాను. నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోయేలోగా ఎన్ని కిలోమీటర్లు ముందుకు పోతుందో అదే గ్లైడ్ రేషియో. రాజమండ్రి మీద వెయ్యి మీటర్ల ఎత్తున వదిలేసి ముక్కు కోనసీమ వైపు తిప్పామనుకోండి. అమెరికాలో తరాల తరబడి ఎగరడం నేర్పిన ష్వైజర్ 2-33ది 23; అది మండపేట దాటీ దాటకుండానే నేల తాకుతుంది. పోలండ్ వాళ్ళ పీడబ్ల్యూ-5ది 32, 33 మధ్య. కొత్తపేట దరిదాపులకి వస్తుంది. జర్మన్ ఎల్ఎస్4ది 40. కొత్తపేట మీదుగా ఇంకో ఏడు కిలోమీటర్లు పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకి 26.5 మీటర్ల రెక్కలున్న నింబస్-4ది 60, అమలాపురం దాటిపోతుంది. 2000లో ఎగిరిన ఈటా అనే రాక్షసి ఒకటుంది, రెక్కలు 30.9 మీటర్లు, గ్లైడ్ రేషియో 70 దాకా. దానికి ఇంచుమించు ఓడలరేవు సముద్రం కనిపిస్తుంది.

మండపేటకీ అమలాపురానికీ మధ్య తేడా నిజంగా తేడానే. దాన్ని నేను కాదనను. కానీ క్లబ్బుల్లో వాదనలు నడిచేది 23కీ 60కీ మధ్య కాదు, 38కీ 40కీ మధ్య. అంటే కిలోమీటరు ఎత్తుకి రెండు కిలోమీటర్లు. మన వైపు ఊరికీ ఊరికీ మధ్య అంత దూరం కూడా ఉండదు. రెక్క ముందంచు మీద పురుగులు చచ్చి అతుక్కుంటే ఆ రెండు కిలోమీటర్లూ అక్కడే హరీ. అందుకే పోటీల్లో ఎగిరే గ్లైడర్లకి గాల్లో ఉండగానే రెక్క ముందంచు తుడుచుకునే తాడు సరంజామా కూడా పెడతారు. ఆదివారం నాడు ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ పది మైళ్ళలో తిరిగి దిగిపోయే మనిషి ఆ రెండు కిలోమీటర్ల కోసం కొన్నానని చెప్తే నేను నమ్మను. ఆ గ్లైడర్ నచ్చింది, కొనుక్కున్నాడు. నచ్చిందని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చి దానికి అంకెల తొడుగు తొడిగాడు.

ఇంతా మాట్లాడుతున్న నాది కోనసీమ. పుణెలో ఉద్యోగం చేసిన రోజుల్లో హడప్సర్ గ్లైడింగ్ సెంటర్ పుణ్యమా అని, వించ్ (తాడు చుట్టే యంత్రం) తాడు లాగితే నేల కాళ్ళ కిందనుంచి జారిపోవడం అంటే ఏమిటో ఒంటికి తెలిసింది. ఇంటికొచ్చేశాక ఆ యోగం లేదు. డెల్టా గ్లైడింగ్‌కి పనికొచ్చే నేల కాదు. ఏడాదిలో చాలా నెలలు చేలల్లో నీళ్ళుంటాయి. పడిన ఎండ ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే చాలావరకు ఖర్చయిపోతే గాలి వేడెక్కి పైకి లేచేదెక్కడ? దిగుదామన్నా వరి, కొబ్బరి, చెరువులు తప్ప ఖాళీ జాగా దొరకదు. దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి, చేలు నెరెలు తీశాకే ఇక్కడి గాలిలో ప్రాణం పుడుతుంది. గద్దలు రెక్క కదపకుండా గిరికీలు కొట్టడం మొదలెడతాయి. ఆ నాలుగు వారాలూ మేం కొందరం మోడల్ గ్లైడర్లు పట్టుకుని చేలో దిగుతాం. మా వీధి పిల్లలు వెంటపడతారు.

పోయిన వేసవిలో రెండు తయారుచేశాను. ఒకటి థర్మోకోల్‌ది. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే వెడల్పు, పలక ముక్కలా తిన్నగా ఉంటుంది. మొండెం డబ్బా. ముక్కులో బరువుకి బంకమట్టి. చెయ్యి వదిలితే తాడు కట్టి లాగినట్టు పోతుంది. రెండోది జీలుగు బెండు, బల్సా అనే తేలిక చెక్క కలిపి చేసింది. సన్నటి మొండెం, వెనక్కి వంపు తిరిగిన రెక్క చివర్లు, పైన తెల్ల రంగు. దీనితో ఒకటే ఇబ్బంది. అంత చిన్న సైజులో రెక్క చివర సన్నబడితే, వేగం కాస్త తగ్గగానే ఆ చివర ముందుగా గాలి మీద పట్టు వదిలేస్తుంది. రెక్క వాలి, గిర్రున తిరిగి పడుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతే. ఏ రోజు విసిరినా డబ్బాదే ఎక్కువ దూరం.

పిల్లలకి మాత్రం తెల్లదే కావాలి. "బాబాయ్, ఈసారి అది, అది" అని ఒకటే గోల. అది గట్టుకి కొట్టుకున్నప్పుడు పరిగెత్తుకెళ్ళి రెండు చేతులా ఎత్తి, మట్టి ఊది, రెక్క చివర వేలితో తడిమి చూసి మరీ తెచ్చారు. డబ్బాని ఒక రెక్క పట్టుకుని నేలకి ఈడ్చుకుంటూ తెచ్చారు. వాళ్ళలో ఒకణ్ణి అడిగాను, తెల్లదే ఎందుకురా అని. "అది ఎక్కువ దూరం పోద్ది బాబాయ్" అన్నాడు. వాడి కళ్ళెదురుగానే డబ్బా చేను దాటి బోదె అవతల పడింది. తెల్లది సగం చేలో కూలింది. వాడు అబద్ధమాడలేదు. ఇష్టమైనది ఎక్కువ దూరం పోవాలి కాబట్టి పోతుందనే వాడి నమ్మకం. జర్మనీలో నెరిసిన జుట్టుతో పోలార్ కాగితాలు పరిచి కూర్చున్న పెద్దమనిషికీ మా వీధి కుర్రాడికీ ఇక్కడ నాకేం తేడా కనపడలేదు.

తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టే వడ్రంగి ఒకాయన్ని ఇదే అడిగాను, కొనేవాళ్ళు ముందేం చూస్తారండీ అని. "ముందా అండి? చెక్క గీకుతారు, మేకులు చూస్తారు, ఏం కర్ర అంటారండి. అదంతా ఉత్తిదేనండి. ఆ తర్వాత ఓ పదడుగులు ఎనక్కెళ్ళి నిలబడతారండి. ఆయ్, అక్కడ అయిపోద్దండి బేరం. ముక్కు నచ్చాల." ముక్కు దగ్గర తనకి రెండు రోజులు ఎక్కువ పని పడుతుందట. నీళ్ళలో ఆ రెండు రోజుల పనికి విలువేమైనా ఉందా అని అడిగాను. "నీళ్ళకేం కావాలండి, ఎలాగున్నా తేలుద్ది" అని చిత్రిక అందుకున్నాడు.

1989లో అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య, ఎఫ్ఏఐ, గ్లైడింగ్ కమిషన్ ఒక మంచి పని తలపెట్టింది. ఖరీదైన గ్లైడర్ కొన్నవాడే గెలిచే పోటీ వద్దు, ప్రపంచమంతా ఒకే నమూనా గ్లైడర్‌తో పోటీపడాలి, అది చవగ్గా, కొత్తవాడికి కూడా క్షేమంగా, తేలిగ్గా ఎగిరేలా ఉండాలి అని డిజైన్ పోటీ పెట్టింది. దాని పేరు వరల్డ్ క్లాస్. వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు గీసిన పీడబ్ల్యూ-5 గెలిచింది. రెక్కలు 13.44 మీటర్లు, పొడవు ఆరు మీటర్ల పైచిలుకు. అడిగినవన్నీ ఇచ్చింది. 1997లో టర్కీలోని ఇనోనులో మొదటి వరల్డ్ క్లాస్ ప్రపంచ పోటీ కూడా జరిగింది.

కానీ పైలట్లకి అది నచ్చలేదు. ఎంత మంచిదని చెప్పినా నచ్చలేదు. పక్కన పదిహేను మీటర్ల గ్లైడర్ ఉంటే ఇది దాని పిల్లలా ఉంటుంది. కాక్‌పిట్ దగ్గర పొట్ట, ఆ వెంటనే పొట్టి తోక. కడుపు కింద ముడుచుకోని చక్రం, ముక్కు కింద ఇంకో బుల్లి చక్రం. ఒక్కొక్కటీ తీసి చూడండి, దేనికి కారణం లేదు? చక్రం ముడవకపోతే దింపడం మర్చిపోయి పొట్ట మీద దిగే ప్రమాదమే లేదు. ముక్కు చక్రం ఉంటే గట్టిగా బ్రేక్ వేసినా మూతి నేలకి గీరుకోదు. పెద్ద చక్రం బరువు కేంద్రానికి వెనక ఉంటుంది కాబట్టి నేల మీద గిర్రున తిరిగిపోదు. రెక్క పొట్టిదైతే చవక, తేలిక, బిగించడం సులువు. కాక్‌పిట్ లోతుగా ఉంటే కాళ్ళకీ నడుముకీ రక్షణ. కాగితం మీద దీన్ని ఓడించడం కష్టం. హాంగర్ (గ్లైడర్లు పెట్టే షెడ్డు) తలుపు తీసి చూసినవాడు మాత్రం పదడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు, అక్కడే అయిపోయింది బేరం. వరల్డ్ క్లాస్ చివరికి మూతపడింది. దాని చోట పదమూడున్నర మీటర్ల లోపు ఏ గ్లైడరైనా రావచ్చనే కొత్త తరగతి వచ్చి, 2015లో లిథువేనియాలో మొదటి ప్రపంచ పోటీ జరుపుకుంది.

ఇక్కడ నన్ను ఆపి, అందం సంగతి కాదు, లెక్క సంగతే అనేవాళ్ళున్నారు. వాళ్ళ వాదన బలమైనదే. కొత్త పీడబ్ల్యూ-5 ధరకి, ఒక్కోసారి అంతకంటే తక్కువకే, స్టాండర్డ్ లిబెల్లె అనే పాత జర్మన్ గ్లైడర్ దొరికేది. దాని గ్లైడ్ రేషియో 38. తక్కువ డబ్బుకి ఎక్కువ దూరం పోయేది వస్తుంటే తెలివైనవాడు ఏది కొంటాడు?

సరే, ఆ తెలివైనవాడి లెక్క పూర్తిగా వేద్దాం. లిబెల్లె 1967 నాటి డిజైన్. ముట్టుకుంటే తిరిగే కంట్రోళ్ళు, ఒళ్ళంతా ఒకే గీతలో గీసినట్టుండే ఆకారం. దానిలో కూర్చోరు, పడుకుంటారు. తొడుక్కుంటారు అన్నా అనొచ్చు. చూస్తే నాకూ ఆశ పుడుతుంది. కానీ దాని ఎయిర్‌బ్రేకులు (దిగేటప్పుడు ఎత్తు త్వరగా తగ్గడానికి రెక్క మీద లేపే పలకలు) బలహీనమని దాన్ని ప్రేమించేవాళ్ళే చెప్తారు. చిన్న పొలంలో దిగాల్సి వస్తే ఆ సంగతి గట్టు మీదకి వచ్చాక గుర్తొస్తుంది. ఆ కాలపు సన్నటి ముక్కులు గట్టిగా గుద్దుకుంటే పైలట్ కాళ్ళని కాపాడేంత బలంగా ఉండవు. ముప్ఫై ఏళ్ళ గెల్‌కోట్ (పైపూత) పగుళ్ళు తీసి మళ్ళీ పూత వేయించాలంటే ఒక్కోసారి గ్లైడర్ ధరతో పోటీ పడుతుంది. ఇవన్నీ కూడా అంకెలే కదా, వీటినెందుకు లెక్కలోకి తీసుకోలేదు? ఇష్టం ముందే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పుకి పనికొచ్చే అంకెని పిలిచి సాక్ష్యం చెప్పించుకున్నారు, పనికిరాని అంకెలకి సమన్లే పంపలేదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. లిబెల్లె కొన్నందుకు కాదు. కొన్నవాడు "దీని అందం కోసం కాస్త ప్రమాదాన్ని, ఖర్చుని నెత్తిన పెట్టుకుంటున్నాను" అని తనకి తాను చెప్పుకుని ఉంటే, ఆ మనిషి ఎయిర్‌బ్రేకుల సంగతి గుర్తుపెట్టుకుని పెద్ద పొలమే ఎంచుకుంటాడు, సీటు కింద మంచి కుషన్ వేయించుకుంటాడు. నేను 38కి కొన్నాను అనుకున్నవాడు మిగతావి చూడడు. ఇష్టం బయటికి చెప్తే దానితో బేరమాడొచ్చు. దాచిపెట్టుకుంటే బేరమాడటానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

ఇంకో ప్రశ్న మిగిలింది. పీడబ్ల్యూ-5 అందంగా లేదని ఎవరు చెప్పారు? అందం గాలిలోంచి ఊడిపడదు. మన కన్ను గెలిచినవాటి దగ్గర పాఠం నేర్చుకుంటుంది. గ్లైడర్ చరిత్రలో దీనికి సాక్ష్యాలు పుష్కలం.

1935లో వోల్ఫ్ హిర్త్, మార్టిన్ షెంప్‌ల కంపెనీ చేసిన మినిమోవా చూడండి. పదిహేడు మీటర్ల చెక్క రెక్క. మొండెం దగ్గర పైకి లేచి, కొంత దూరం పోయాక వంగి సమంగా సాగుతుంది, సముద్రపు కాకి రెక్కలా. పైన గుడ్డ పలచన, ఎండకి ఎదురుగా ఎగిరితే లోపలి చెక్క ఎముకలన్నీ కనిపిస్తాయి. ఈరోజుకీ ఇంతకంటే అందమైన గ్లైడర్ లేదనేవాళ్ళున్నారు, నేనూ కాస్త అటే. ఆ వంపుకి అప్పట్లో కారణాలు చెప్పారు: రెక్క చివర నేలకి తగలదు, మలుపులో నిలకడ ఉంటుంది అని. ఆ వంపు చేయడానికి వడ్రంగికి తల ప్రాణం తోకకొచ్చేది. తర్వాత చూస్తే తిన్నటి రెక్కని మొదట్లో కాస్త పైకెత్తి బిగించినా అంత పనీ జరుగుతోంది. యుద్ధం తర్వాత వంపు రెక్క మాయమైంది. ఉన్నన్నాళ్ళూ అది శాస్త్రమే అనుకున్నారు.

ఒకే నమూనా పోటీ అన్న ఆలోచన కూడా 1989లో పుట్టింది కాదు. 1940 ఒలింపిక్స్‌లో గ్లైడింగ్ పెడదామని 1939లో ఇటలీలోని సెజ్జేలో గ్లైడర్లని పరీక్షించి, హాన్స్ జేకబ్స్ గీసిన మైజెని ఎంచారు. పదిహేను మీటర్లు, సాదా రెక్క, చవక, కట్టడం తేలిక. ఆ ఒలింపిక్స్ యుద్ధంలో కొట్టుకుపోయాయి. మైజె పోలేదు. యుద్ధమయ్యాక ఇంగ్లండ్‌లో ఒలింపియా అన్న పేరుతో, ఫ్రాన్స్‌లో నార్ 2000 అన్న పేరుతో మళ్ళీ కట్టుకున్నారు. అదే ఆలోచన, అవే షరతులు. ఒకటి బతికింది, ఇంకోటి చతికిలబడింది. నాకు తోచిన కారణం ఇది: మైజె 1939 కంటికి ఆనాటి మేటి గ్లైడర్లకి చెల్లెలిలా కనిపించింది. పీడబ్ల్యూ-5 1993 కంటికి ఆనాటి మేటి గ్లైడర్లలో ఉన్నవి లేనిదానిలా కనిపించింది. పొట్టిగా, పొట్టతో ఉన్నవే ఆ పదేళ్ళూ గెలిచి ఉంటే మనం దాన్నే ముద్దుగా ఉందనేవాళ్ళం.

తెలుపు సంగతి ఇంకా విచిత్రం. గ్లైడర్ అనగానే తెల్లటి తెలుపు. ఆ తెలుపులో మనకి హుందాతనం కనిపిస్తుంది. కారణం చూస్తే రసాయనం. 1957 నవంబర్ 27న స్టుట్‌గార్ట్ విద్యార్థుల ఎఫ్ఎస్-24 ఫీనిక్స్ ఎగిరింది, గాజుపీచుతో చేసిన మొట్టమొదటి గ్లైడర్ అది. అప్పట్నుంచి చెక్క, గుడ్డ పోయి గాజుపీచు, దాన్ని అతికి గట్టిపరిచే రెసిన్ వచ్చాయి. రెసిన్‌కి వేడంటే పడదు, మెత్తబడుతుంది. తెల్ల గ్లైడర్ల బలాన్ని 54 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. నల్లగానో ముదురు ఎరుపుగానో రంగేసి ఎండలో పెడితే ఒళ్ళు అంతకంటే చాలా ఎక్కువ కాలిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన దగ్గర ఆ ప్రయోగం ఎవరూ చేయకపోవడం మంచిది. దానికి ముందు గ్లైడర్లు మీగడ రంగులోనూ, ఎర్రగానూ, నీలంగానూ, వార్నిష్ వేసిన చెక్క రంగులోనూ ఉండేవి. ఎండ భయంతో వేసుకున్న రంగు రెండు తరాల్లో అందమై కూర్చుంది. అందుకే నా బెండు గ్లైడర్‌కి నేను తెల్ల రంగే వేశాను. బెండుకి రెసిన్ లేదు, కరిగే భయం లేదు, అయినా చెయ్యి తెల్ల డబ్బా మీదకే పోయింది.

రెక్క చివర పైకి తిరిగిన వింగ్‌లెట్లదీ ఇదే దారి. మెల్లగా గుండ్రాలు తిరిగేటప్పుడు లాభం, వేగంగా పోయేటప్పుడు నష్టం. రెండూ సరిచూసుకుని గీస్తేనే ప్రయోజనం. మొదట్లో వచ్చిన కొన్ని మొత్తం మీద నష్టమే చేశాయి. ఇప్పుడు బాగా గీస్తున్నారు, నిజంగా పనిచేస్తున్నాయి. కానీ వింగ్‌లెట్ లేని గ్లైడర్ పాతబడిపోయినట్టు అనిపించడం లెక్కల్లోంచి పుట్టిన భావం కాదు.

అలాగని అందమొక్కటే బతికిస్తుందా అంటే, అదీ లేదు. బ్రౌన్‌ష్వైగ్ విద్యార్థుల ఎస్‌బీ-13 తోక లేని రెక్క, 1988లో ఎగిరింది. బొమ్మ చూసి గుండె జారని మనిషి ఉండడు. ఎగరేయడం చూస్తే కష్టం, మామూలు గ్లైడర్లని మించిన లాభమూ లేదు. ఒక్కదానితో ఆగిపోయింది. చూడటానికి బాగుంటే ఎగరడానికీ బాగుంటుందని విమానాల వాళ్ళలో ఒక నానుడి ఉంది. తోకలున్న గ్లైడర్లు నాలుగు చూసి చెప్పిన మాటలా ఉంటుంది నాకది.

మన దేశంలో ఈ కథ ఇంకోలా నడిచింది. 1950ల చివరి నుంచి పౌర విమానయాన శాఖ టెక్నికల్ సెంటర్ గ్లైడర్లు గీసింది. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, ఆ తర్వాత మృగశిర, ఆర్ద్ర. వరసగా నక్షత్రాలు. పేరు పెట్టినవాళ్ళు ఆకాశాన్నే చూసి ఉంటారు గానీ, మన వైపు రైతుకి ఈ పేర్లు వింటే కార్తెలు గుర్తొస్తాయి: రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో నారుమడి. 1961లో ఎగిరిన రోహిణి చెక్కది. గురువూ శిష్యుడూ ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన కూర్చుంటారు. దానికోసం ముందుభాగం వెడల్పు చేయాల్సి వచ్చింది. గాలికి ఆ వెడల్పు నచ్చదు, ఫొటోకీ నచ్చదు. కానీ పక్కన కూర్చున్న గురువు శిష్యుడి మొహం చూడగలడు, వాడి చెయ్యి స్టిక్ మీద ఎంత బిగుసుకుందో చూడగలడు. రోహిణిలో నేర్చుకున్న తరం వాళ్ళు దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది. ఆ గొంతులో గ్లైడ్ రేషియో ఉండదు.

అంటే ఇష్టం రెండు దార్లలో వస్తుందన్నమాట. ఒకటి చూపుతో, హాంగర్ తలుపు దగ్గర, అర నిమిషంలో. రెండోది చేతులతో, ఏళ్ళ తరబడి. గ్లైడర్‌ని మనుషులు ముట్టుకున్నంతగా ఇంకే విమానాన్నీ ముట్టుకోరు. ట్రెయిలర్‌లోంచి రెక్కలు చేతుల మీద మోసుకొస్తారు, పిన్నులు బిగిస్తారు, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తారు, దిగిన చోటి నుంచి తోసుకుంటూ తెస్తారు. రెండో రకం ఇష్టానికి వికారమైన గ్లైడర్ కూడా నోచుకుంటుంది. ష్వైజర్ 2-33ని అందగత్తె అన్నవాణ్ణి నేను చూడలేదు, దాన్ని తిట్టే పరాయివాణ్ణి ఊరుకున్న దాని శిష్యుణ్ణీ చూడలేదు. పీడబ్ల్యూ-5ని కొని ఏళ్ళ తరబడి ఎగరేసినవాళ్ళు ఇప్పటికీ దానికోసం పోట్లాడతారు. కాకపోతే రెండో ఇష్టం పుట్టాలంటే మొదటి గండం గడవాలి. శిక్షణ గ్లైడర్‌కి ఆ గండం లేదు, అక్కడ కుర్రాడికి ఏది ఇస్తే అదే. డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన దానికి ఉంది. వరల్డ్ క్లాస్ కమిటీ షరతుల్లో దిగే వేగానికి హద్దు ఉంది, క్షేమానికి షరతు ఉంది, చవకకి ఉంది. ఆ అర నిమిషానికి లేదు. తాళ్ళరేవు వడ్రంగి అయితే రెండు రోజులు కేటాయించేవాడు.

ఆర్ద్ర తర్వాతి నక్షత్రం పునర్వసు. ఆ పేరుతో మనవాళ్ళెవరైనా చవకైన క్లబ్బు గ్లైడర్ గీసే రోజు వస్తే, ముడుచుకోని చక్రమే పెట్టండి. ముక్కు చక్రమూ పెట్టండి. కాక్‌పిట్ లోతు ఒక్క అంగుళం తగ్గించకండి. నిలబడ్డ చేలో దిగాల్సి వస్తే పైరుకి తగలకుండా తోక రెక్కని పైనే ఉంచండి. వాటిలో బేరం లేదు. ఆ తర్వాత కొంత డబ్బు పక్కన పెట్టి కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత గీత మొండెం గీతలో కలిసేచోట ఖర్చు చేయండి, చక్రానికి మంచి తొడుగు చేయించండి, తోక నిలువు రెక్కకి ఒక వాలు ఇవ్వండి. గాలికి వీటితో పెద్దగా పనిలేదని మీ ఇంజనీరు అంటాడు. అననివ్వండి. అచ్చులు పోయకముందే చెక్కతోనో థర్మోకోల్‌తోనో నిలువెత్తు బొమ్మ చేసి, ఏ అంకే చెప్పకుండా కొందరు క్యాడెట్లని దాని చుట్టూ వదలండి. ఎవరు ఎంత దూరం వెనక్కి వెళ్ళి నిలబడుతున్నారో, దగ్గరికొచ్చి ముందు ఎక్కడ చెయ్యి వేస్తున్నారో రాసుకోండి. నచ్చలేదన్నవాణ్ణి మాత్రం ఎందుకని అడక్కండి, గ్లైడ్ రేషియో చాలదని చెప్తాడు.